పూజ చేసిన విమానం

మా తమ్ముడికి విమానం ఉంది. ఈ మాట చెప్పడానికి నాకు సందర్భం అక్కర్లేదు. తెనాలిలో కూరగాయల బండి దగ్గర వంకాయలు ఏరుతూ చెప్పాను, బ్యాంకులో టోకెన్ పట్టుకుని కూర్చున్నప్పుడు చెప్పాను, పళ్ళ డాక్టరు నోరు తెరవమంటే తెరిచి ముందు ఈ మాటే చెప్పాను. గొప్పలంటారా, గొప్పలే. కొలకలూరులో మా తాతలు అరక దున్నారు, మా నాన్న ట్రాక్టరు కొన్నాడు, మా చంద్రం విమానం కొన్నాడు. చెప్పుకోకపోతే కడుపు ఉబ్బిపోదూ?

చంద్రం అంటే పూర్ణచంద్రరావు. నాకంటే చాలా చిన్న, నా చంక దిగకుండా పెరిగిన వాడు. కోల్డ్ స్టోరేజీలు కట్టి పైకొచ్చాడు. తన ఈడు వాళ్ళంతా షుగరు మాత్రలు మొదలుపెట్టే వయసులో వీడు పైలట్ క్లాసులు మొదలుపెట్టాడు. ఎక్కడో ఊరవతల ఫ్లయింగ్ క్లబ్బులో నేర్చుకుని, పరీక్షలు రాసి, ప్రైవేటు పైలట్ లైసెన్సు తెచ్చుకున్నాడు. అంటే టిక్కెట్లు కొన్నవాళ్ళని తిప్పే పైలట్ కాదు, తన సరదాకి, తనవాళ్ళని ఎక్కించుకోవడానికి నడుపుకునే పైలట్. తర్వాత ఇద్దరు కూర్చునే చిన్న విమానం ఒకటి సెకండ్ హ్యాండులో కొన్నాడు. కర్లపాలెం అవతల రొయ్యల చెరువుల ఆసామి ఒకాయన తన పొలంలో అనుమతులు తెచ్చుకుని చిన్న రన్‌వే వేసుకున్నాడు. దాని పక్క షెడ్డులోనే మా విమానం కూడా పెట్టారు.

ఇంత బంగారంలాంటి వాడిలో ఒక్కటే లోపం. తాగి కారు నడిపేవాడు. ఒకసారి విజయవాడలో పోలీసులు గొట్టం ఊదించి పట్టుకున్నారు. కోర్టు, జరిమానా, పెళ్ళాన్ని పక్కన కూర్చోబెట్టి కౌన్సెలింగు, అన్నీ అయ్యాయి. అప్పుడు నేను పోలీసుల్నే తిట్టాను. రెండోసారి రేపల్లెలో పెళ్ళి చూసుకుని వస్తూ కారుని కాలవలో దింపాడు. వెనక సీట్లో కూతురు దీప్తి ఉంది, ఇంటర్ చదివేది. మోచెయ్యి విరిగింది. ఇప్పటికీ ఆ చెయ్యి పూర్తిగా చాపలేదు. వాడికి మాత్రం గీత కూడా పడలేదు, కేసు మాత్రం పడింది.

ఆ తర్వాత మానేశాడా అంటే, మానలేదు, తగ్గించాడు. విమానం నేర్చుకున్నాక ఒక ఒట్టు మాత్రం పెట్టుకున్నాడు. ఎగరాల్సిన రోజు, దాని ముందు రోజు చుక్క ముట్టడు. ఆ ఒట్టు ఒక్కసారి కూడా తప్పలేదు, నేను సాక్ష్యం. అందుకే దీప్తి వంటింట్లో ఆ మాట అన్నప్పుడు నాకు ఒళ్ళు మండింది.

విమానానికి పూజ శుక్రవారం పెట్టుకున్నాం. కొత్త బండి వస్తే కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడం ఉన్నదే కదా, విమానానికి మాత్రం చక్రాలు లేవా? పూజ అవగానే మొదట ఎవర్ని ఎక్కించుకుంటాడని బంధువులంతా అడిగితే, వాడు రెండో ఆలోచన లేకుండా మా అక్కని అన్నాడు. పెళ్ళాన్ని కాదు, బామ్మర్దిని కాదు, నన్ను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే నమ్మండి.

గురువారం పొద్దున మా ఇంట్లో బూరెల పూర్ణం ఉండలు చేస్తున్నాం. దీప్తి గుంటూరు నుంచి వచ్చింది. అది ఇప్పుడు డాక్టరు. మందులిచ్చే డాక్టరు కాదు, ఎవరికి ఏ జబ్బు ఎందుకు వస్తోంది, ఎవరు ఎందుకు ప్రమాదాల్లో పోతున్నారు అని లెక్కలు తీసే డాక్టరు.

"అత్తా, రేపు నువ్వు ఎక్కొద్దు," అంది ఉండ చేస్తూనే.

"ఏంటే, దిష్టి పెడుతున్నావా?"

"దిష్టి కాదు. అమెరికాలో ఇలాంటి సొంత పైలట్లనే తీసుకుని ఏళ్ళ తరబడి లెక్కలు చూశారు. తాగి కారు నడిపి దొరికిన చరిత్ర ఉన్నవాళ్ళు విమానాలు కూడా ఎక్కువ కూల్చుకున్నారు."

"మీ నాన్న తాగి విమానం ఎక్కడే! ఒట్టు పెట్టుకున్నాడు."

"తాగి ఎగరడం గురించి కాదత్తా నేను చెప్పేది. కూలిన వాటిల్లో ఎక్కువ మంది ఆ రోజు తాగి లేరు. మరి ఎందుకు కూలారు? తాగి తాళం చెవి తీసుకునేటప్పుడు మనిషి ఏమనుకుంటాడు? ఏం కాదులే అనుకుంటాడు. ఆ బుద్ధి సీసాలో ఉండదు, మనిషిలో ఉంటుంది. మబ్బు పట్టినా ఏం కాదులే, గాలి ఎక్కువున్నా ఏం కాదులే. కాలవలో పడే ముందు కూడా నాన్న అదే మాట అన్నాడు. వెనక సీట్లో ఉన్నది నేను."

నాకు కోపం వస్తే నోరు ఆగదు. "అమెరికా తాగుబోతుల లెక్క తెచ్చి మా చంద్రానికి అతికిస్తావా? కన్న తండ్రి ఇంత ఎత్తుకి ఎదిగితే సంతోషించాల్సింది పోయి! నేను ఎక్కుతాను. ఎక్కి తెనాలి మీదుగా పోయి, పైనుంచి నీకు చెయ్యి ఊపుతాను."

అది మళ్ళీ ఉండల మీద పడింది. అన్నీ ఒకే సైజులో చేసింది. వాళ్ళ నాన్న పోలికే, మొండి.

శుక్రవారం పొద్దున్నే మేం రెండు కార్లలో, మిగతా చుట్టాలు వాళ్ళ వాళ్ళ బళ్ళలో బాపట్ల మీదుగా కర్లపాలెం చేరాం. రేపల్లె నుంచి మా హనుమయ్య బాబాయి ముందే వచ్చి కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఎనభై దాటినా ముహూర్తాల విషయంలో ఆయన మాటే మాట. "పదిన్నరకి రాహుకాలం వస్తది. ఈలోపు చక్రం కదలాల," అని వచ్చిన ప్రతివాడికీ చెప్తున్నాడు.

విమానం తెల్లగా కడిగిన ముత్యంలా ఉంది. దాన్ని చూసుకునేది రాజారత్నం గారు. రేపల్లె ఆయనే, ఎయిర్‌ఫోర్సులో ఇంజన్ల పని చేసి రిటైరయ్యారు, ఇప్పుడు ఆదివారాలు చర్చిలో ఉపదేశిగారికి సాయంగా పాటలు పాడిస్తారు. పూజ మొదలవగానే ఆయన మర్యాదగా పక్కకి జరిగారు.

"ఉండండి అన్నయ్య గారూ, ప్రసాదం తీసుకుందురు గాని," అన్నాను.

"తప్పకుండానమ్మా. మీ పూజ మీరు కానివ్వండి. మధ్యలో నేను అడ్డమెందుకు?" అని షెడ్డులోకి వెళ్ళిపోయారు.

పంతులు గారు మంత్రాలు చదువుతుంటే నేను గంధం గిన్నె, కుంకుమ భరిణె పట్టుకుని విమానం చుట్టూ తిరిగాను. ముక్కుకి బొట్టు పెట్టాను, తలుపుకి పెట్టాను, తోకకి పెట్టాను. రెక్క కింద సన్నటి గొట్టం ఒకటి ముందుకి పొడుచుకొచ్చి ఉంది, దానికి ఎర్రగుడ్డ తొడిగి ఉంది. శుభమా అని పూజ చేస్తూ ముసుగు మీద బొట్టు పెడతామా? ఆ గుడ్డ లాగి మడిచి పూజ పళ్ళెంలో పెట్టాను. గొట్టం కొసన సూదిబెజ్జమంత చిన్న రంధ్రం కనిపించింది. అన్నిటికంటే దాని మీదే నిండుగా ఉండాలని గంధం దట్టంగా మెత్తి, నడిమధ్యలో కుంకుమ అద్దాను. చాలా అందంగా వచ్చింది.

కొబ్బరికాయ కొట్టేసరికి పది దాటింది. దండలు తీయించి, అక్షింతలు వేయించుకుని చంద్రం ఎక్కేశాడు. నన్ను ఎక్కించడానికి ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది, పట్టుచీర కుచ్చిళ్ళు మెట్టుకి తగులుతున్నాయి. బెల్టు పెట్టాడు. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టాడు. ఈ సీట్లో నన్ను మా అమ్మ చూసి ఉంటే అనిపించి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

చంద్రం ఇంకా ఏవో మీటలు చూస్తున్నాడు. ఇంజన్ ముట్టించలేదు. అప్పుడు దీప్తి జనంలోంచి బయటికొచ్చి, పక్కకి తప్పుకుని నా వైపు రెక్క కొసన, మాకు ఎదురుగా నిలబడింది.

"నాన్నా, చుట్టూ తిరిగి చూశావా?"

ప్రతిసారీ ఎగిరే ముందు పైలట్ కిందికి దిగి విమానం చుట్టూ తిరిగి, ప్రతి భాగం చేత్తో తాకి చూడాలట. అది వాళ్ళ నియమం.

చంద్రం కిటికీ తీసి నవ్వాడు. "పొద్దునే చూశాను దీపూ. ఏం కాదులే, పక్కకి రా."

"పొద్దున చూసింది వేరే విమానం నాన్నా. ఇది పూజ చేసిన విమానం. పాతిక మంది చేతులు పడ్డాయి."

"ఒరేయ్, టైమైపోతంది!" అని హనుమయ్య బాబాయి కుర్చీలోంచి అరిచాడు. "ఆడపిల్ల మాటలకి ఆగితే రాహుకాలం ఆగుద్దా?"

బంధువుల్లో ఎవరో కిసుక్కుమన్నారు. చంద్రం మొహం ఎర్రబడింది. నాకూ తల కొట్టేసినట్టయింది. ఇంటి పరువు అంతమంది ముందు తీయడానికి దీనికి ఇదే దొరికిందా అనిపించింది. "దీపూ, తప్పుకో!" అని నేనూ కేక వేశాను. అది కదల్లేదు. చాపలేని ఆ చెయ్యి రెక్క మీద ఆనించి అలాగే నిలబడింది. కళ్ళు నా మీద ఉన్నాయి, వాళ్ళ నాన్న మీద లేవు.

చంద్రం విసురుగా బెల్టు తీసి దిగాడు. దిగింది చూడటానికి కాదు, దాని నోరు మూయించడానికి. పెద్ద పెద్ద అంగలు వేస్తూ తోక చుట్టూ తిరిగి ఇటు వచ్చాడు. రెక్క కింద ఆ గొట్టం దగ్గర ఆగిపోయాడు. వంగి చూశాడు. వేలితో తాకాడు. వేలికి అంటిన గంధాన్ని బొటనవేలితో నలిపి చూశాడు.

"రాజారత్నం గారూ," అని పిలిచాడు.

ఆయన పరుగున వచ్చి చూసి, తల పట్టుకున్నారు. "కవరు తీసింది మీరు కాదా సార్? తీసి ఉందంటే మీరు చెకింగ్ చేసుకున్నారనుకున్నా."

"మీరు తీశారనుకున్నా నేను," అన్నాడు చంద్రం.

పూజ పళ్ళెంలో ఎర్రగుడ్డ పూల కింద అందరికీ కనిపిస్తూనే ఉంది. నాకు విషయం చెప్పింది రాజారత్నం గారే, కోప్పడకుండా, చిన్నపిల్లకి చెప్పినట్టు. ఆ సూదిబెజ్జంలోంచి గాలి పోతేనే విమానం ఎంత స్పీడులో ఉందో లోపల డయల్లో తెలుస్తుందట. అది మూసుకుపోతే డయల్ అబద్ధం చెప్తుంది. స్పీడు తగ్గిపోయిన సంగతి తెలియకపోతే విమానం గాల్లో నిలబడలేక రాలిపోతుంది.

అప్పుడు భయం వేయలేదు నాకు. భయం వేసింది తర్వాత జరిగిన దానికి.

చంద్రం జేబులోంచి రుమాలు తీశాడు. గొట్టం గట్టిగా తుడిచాడు. గంధం పోయింది, ఇత్తడి చెంబులా మెరిసింది. వాచీ చూసుకున్నాడు.

"అయిపోయింది. పద పద, ఇంకా టైముంది."

"సార్, పైది పోద్ది గాని లోపలిది పోదండి. విప్పి కడగాల," అన్నారు రాజారత్నం గారు.

"ఏం కాదులెండి. డయల్ లేకపోయినా ఇంజన్ మోత బట్టి స్పీడు చెప్పగలను. నాకు కొట్టిన పిండి." అని మళ్ళీ ఎక్కి కూర్చున్నాడు.

కారు నడపడం గురించీ వాడు ఇదే మాట అనేవాడు. వాడి నోరు వాసన చూశాను, నిజంగానే చూశాను, పక్క సీటే కదా. యాలకుల వాసన, అంతే. ఒక్క చుక్క తాగలేదు. తాగకుండానే ఆ మాట అన్నాడు. నిన్న వంటింట్లో దీప్తి చెప్పింది నాకు అప్పుడు ఎక్కింది. ఇన్నాళ్ళూ పోలీసుల్ని తిట్టాను, సీసాని తిట్టాను గాని వాణ్ణి ఒక్క మాట అనలేదు నేను.

బెల్టు ఎలా తీయాలో తెలియలేదు. పీకాను, లాగాను, చివరికి ఊడింది.

"అక్కా, ఏంటి?"

"దిగుతున్నా."

"పరువు తియ్యకే అక్కా. అందరూ చూస్తున్నారు."

"నీ పరువు కోసమే దిగుతున్నా. పరిగెత్తి పాలు తాగే కంటే నిలబడి నీళ్ళు తాగడం మేలురా. ఎక్కుతానని ఊరంతా చెప్పింది నేను. దిగానని కూడా నేనే చెప్పుకుంటాను, నీకేంటి బాధ?"

ఎవరూ పట్టుకోకుండానే దిగాను. కుచ్చిళ్ళు మెట్టుకి తగిలి చిరిగాయి. వెళ్ళి దీప్తి పక్కన నిలబడ్డాను. అది నా చెయ్యి పట్టుకుంది. దాని చెయ్యి చల్లగా, తడిగా ఉంది. ఇంతసేపూ ఎంత భయపడిందో అప్పుడు తెలిసింది నాకు.

వాడు ఒక్కడూ లోపల ఉన్నాడు. ఇంజన్ ముట్టిస్తే ఆపగలిగే వాళ్ళు ఎవరూ లేరు. వాడు ముందుకే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత మెడ తిప్పి నా కేసి చూశాడు, దీప్తి కేసి చూశాడు, దాని చేతి కేసి చూశాడు. తాళం చెవి తీసి, మెల్లగా దిగి వచ్చి, ఆ తాళం రాజారత్నం గారి చేతిలో పెట్టాడు.

"విప్పి కడగండి. నేను అడిగినా ఇవ్వాళ ఇవ్వొద్దు," అన్నాడు. ఆ మాట పాతిక మంది బంధువుల ముందు అన్నాడు. నేను వాణ్ణి ఎత్తుకుని పెంచిన అక్కని కదా, ఏడుపొచ్చేసింది.

"పూజ చేసి చక్రం కదలకపోతే అరిష్టం గదరా," అని బాబాయి నసిగాడు. దానికేం, చుట్టాలందరం రెక్కలకి అటు ఇటు చేరి, రాజారత్నం గారు ఎక్కడ పట్టుకోవాలో చెప్తుంటే అక్కడ పట్టుకుని తోశాం. నిమ్మకాయలు చిట్లాయి, రాహుకాలానికి ముందే. ప్రసాదం రాజారత్నం గారికి నేనే బూరెలు ఎక్కువ వేసి ఇచ్చాను. ఆయన నవ్వి, "మళ్ళీసారి బొట్టు నేను చూపించిన చోట పెట్టండమ్మా," అన్నారు.

ఆ తర్వాత చంద్రం గుంటూరు వెళ్ళి తాగుడు మాన్పించే డాక్టరు దగ్గర కూర్చున్నాడు. దీప్తి వెంట వెళ్ళింది. ఎగిరే రోజుకని కాదు, మొత్తానికే మానేశాడు. మధ్యలో ఒకసారి జారాడు కూడా, మళ్ళీ వెళ్ళాడు. క్లబ్బు నుంచి ఇన్‌స్ట్రక్టర్ని పిలిపించి, పక్కన కూర్చోబెట్టుకుని, నేర్చుకునే పిల్లాడిలా మొదటి నుంచి మొదలుపెట్టాడు. ఆయన తప్పు చెప్పినప్పుడల్లా మూతి ముడుచుకునేవాడట గాని దిగిపోలేదట. కిందటి ఏడాది వాడు విమానం కొన్నాడని నాకు గర్వం, ఈ ఏడాది గర్వం వేరే.

కార్తీకమాసంలో మళ్ళీ నన్ను పిలిచాడు. ఈసారి పట్టుచీర కట్టలేదు, నేత చీర కట్టాను. మేం ఇద్దరమే వెళ్ళాం. దీప్తికి డ్యూటీ. రాజారత్నం గారు మనవరాలి బాప్తిస్మానికి రేపల్లెలో ఉన్నారు. నేను లోపల కూర్చుని చూస్తూనే ఉన్నాను, వాడు చుట్టూ తిరుగుతూ ఒక్కొక్కటీ తాకి, వంగి, తడిమి చూశాడు. ఎర్రగుడ్డ తనే తీసి, గొట్టం కొసని దీపం వత్తి చూసినంత జాగ్రత్తగా చూశాడు. తర్వాత రన్‌వే అంచున నిలబడి, గాలి ఎటు ఎంత వీస్తోందో చూపించే గాలిగుడ్డ కేసి చూశాడు. సముద్రం వైపు నుంచి గాలి అడ్డంగా కొడుతోంది. గాలిగుడ్డ నిలవకుండా తన్నుకుంటోంది. నాకు మాత్రం ఎండ బాగానే ఉంది, ఆకాశం బాగానే ఉంది.

వాడు వచ్చి నా వైపు తలుపు తీశాడు.

"దిగక్కా. ఈ గాలిలో నావల్ల కాదు."

ఎవరూ అడ్డం నిలబడలేదు. ఎవరూ గుర్తుచేయలేదు. యాభై ఏళ్ళకి పైగా ఎరుగుదును వాణ్ణి. ఈతలో, కార్లలో, పందాల్లో, వ్యాపారంలో, నావల్ల కాదు అన్న మాట ఆ నోట నేను వినలేదు. ఏడ్చేశాను.

"అయ్యో, ఏడవకే. వచ్చేవారం తప్పకుండా ఎక్కిస్తాగా," అన్నాడు పిచ్చి వెధవ, నేను నిరాశపడ్డాననుకుని.

మొన్న కొలకలూరులో ఒక పెళ్ళి. భోజనాల దగ్గర మా వీధి వాళ్ళంతా ఒక వరసలో కూర్చున్నాం. ఎదుటి వరసలోంచి మా మేనమామ కోడలు గొంతెత్తి అడిగింది, అందరికీ వినపడాలనే అడిగింది.

"ఏంటి హైమక్కా, ఏడాది బట్టి చెప్తున్నావు. ఇంతకీ మీ తమ్ముడి విమానంలో ఎగిరావా లేదా?"

వడ్డించేవాళ్ళు కూడా ఆగి చూశారు. నేను విస్తట్లోంచి తలెత్తి, దానికంటే గట్టిగా చెప్పాను.

"లేదే. ఎక్కి కూర్చున్నాను, మా తమ్ముడు దింపేశాడు."